కాటుక, కెమెరా, మా అక్క కొడుకు

ఏ గదిలోకి వెళ్ళినా నేను ముందు చూసేది కిటికీలు ఎటువైపు ఉన్నాయని. తర్వాత ట్యూబ్‌లైటు, ఫ్యాను, గోడమీద గాలికి ఊగే క్యాలెండరు, తలుపు సందులోంచి తొంగిచూసే మనుషులు. ఇవన్నీ చిన్నపిల్లల చూపును లాగేస్తాయి. ఒక్కొక్కటిగా మూసి, ఆపి, తీసి, పంపించేస్తే తప్ప నా పని మొదలు కాదు. ఇది ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటని నేను అనుకుంటాను. మా అమ్మ మాత్రం, నీకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు, ఇప్పుడు దానికే జీతం ఇస్తున్నారు అంటుంది.

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. అనంతపురంలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసే ఒక చిన్న బృందంలో యంత్రాలు చూసుకుంటాను. మా యంత్రం చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. ఒక తెర, దాని కింద మూరెడు పొడవు పట్టీ. ఆ పట్టీలోంచి మనకు కనపడని కాంతి పిల్లల కళ్ళమీద పడుతుంది. పక్కనే ఉన్న కెమెరా ఆ కళ్ళను చూస్తూ, కంటిపాప ఎటు తిరిగిందో లెక్కగడుతుంది. తెరమీద ఒక పక్క మనుషులు నవ్వుతూ ఆడుతూ ఉంటారు. రెండో పక్క రంగుల చక్రాలు, గీతలు తిరుగుతూ ఉంటాయి. తల్లి ఒడిలో కూర్చున్న బిడ్డ ఏ పక్కకు ఎంతసేపు చూసిందన్నదే మాకు కావాలి. చాలామంది పిల్లలు రెండూ చూస్తారు, మనుషుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తారు. కొందరు తిరిగే గీతల దగ్గరే ఆగిపోతారు. అలా ఆగిపోయిన బిడ్డకు ఆటిజం ఉందని యంత్రం చెప్పదు. ఉండే అవకాశం ఉంది, డాక్టరు దగ్గర కూర్చుని చూడాలి అని మాత్రమే చెబుతుంది.

మా అక్కది శింగనమల దగ్గర ఒక ఊరు. బావ బోరు కింద శెనక్కాయ వేస్తాడు. వాళ్ళ కొడుక్కి అప్పటికి రెండేళ్ళు దాటాయి. ఒకరోజు అక్క ఫోన్లో చెప్పిన సంగతుల్ని నేను అలవాటు కొద్దీ వరుసలో పెట్టుకున్నాను. వేలు చాపి దేన్నీ చూపించడు. ఏదైనా కావాలంటే అక్క చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళి, ఆ చేతిని వస్తువు మీద పెడతాడు, మొహంలోకి మాత్రం చూడడు. పక్కింటి పిల్లలు వస్తే వాళ్ళ బొమ్మలు కావాలి, వాళ్ళు అక్కర్లేదు. అప్పుడెప్పుడో వచ్చిన రెండు మూడు మాటలు కూడా ఇప్పుడు పోయాయి.

"ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ లేదురా. అన్నీ కలిపితే మాత్రం ఏదో ఉందనిపిస్తాది," అంది.

ఆ ఇంట్లో ఈ మాట ఎత్తితే సాగేది కాదు. మొగపిల్లలకు మాట ఆలస్యంగానే వస్తుందని అక్క అత్తగారు తేల్చేసింది. నాకూ నాలుగేండ్లకే మాటొచ్చింది, ఇప్పుడు ఆపమన్నా ఆపను కదా అని బావ నవ్వేవాడు. స్ప్రింక్లర్లు తిరిగే చేను దగ్గర పిల్లవాడు తన పక్కన గంటసేపు కదలకుండా పైరును చూస్తూ కూర్చుంటాడని, రైతు బిడ్డ అంటే అట్లుండాలని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. టౌన్లో డాక్టరుకు చూపిద్దామని అక్క అంటే, లేని రోగం తెచ్చి అంటగడతారు అనేవాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే, నీకు ఫోన్లో చూసేదంతా మన పిల్లోనిలోనే కనపడతాది అని మాట తుంచేసేవాడు. ఆయన చెడ్డమనిషి కాదు. కొడుకును భుజం మీద నుంచి దించడు. అక్క మాత్రం మాట్లాడటం తగ్గించేసింది.

నాకు అదే కంగారు. మా డాక్టరు మేడం ప్రతి మీటింగులో చెప్పేది ఒకటే: శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. నేను కల్యాణదుర్గం, కంబదూరు అని బస్సులు మారుతూ ఊరూరా ఎవరి పిల్లలనో చూస్తున్నాను. సొంత మేనల్లుణ్ణి చూపించమని బావకు చెప్పలేకపోతున్నాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఏమప్పా, ఆ కాలు ఆపు అనేదాకా నా మోకాలు ఊగుతూనే ఉండేది.

మా బృందం శింగనమల వైపు వచ్చినప్పుడు బావ కొంచెం మెత్తబడ్డాడు. ఇది ఆసుపత్రి కాదు, అంగన్‌వాడీ. చూసేది డాక్టరు కాదు, బామ్మర్ది.

"నీ మిషనే కదప్పా, చూడనీ. ఏమీ లేదని తేలితే మాత్రం ఇంగ మీ యక్క ఈ మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటేనే తెస్తా."

అక్క ఒప్పుకుంది. నాకు ఆ షరతు నచ్చలేదు. యంత్రం ఏమీ చూపించకపోయినంత మాత్రాన ఏమీ లేనట్టు కాదని చెప్పబోయాను. మొదలుపెట్టకముందే మొదలుపెట్టినావే అని బావ కొట్టిపారేశాడు.

ముందురోజు అంగన్‌వాడీ టీచరు ద్వారా తల్లులందరికీ కబురు పంపాం. రేపు ఒక మిషను వచ్చి పిల్లల కండ్లు చూస్తుంది, బిడ్డలకు బాగా తినిపించి, నిద్ర తీరాక తీసుకురండి అని. ఆ మాటలు రాసింది మా ఆఫీసులోనే. అందరం చదివాం. అందులో తప్పేమీ కనపడలేదు.

పొద్దున్నే గది సిద్ధం చేశాను. కిటికీకి దుప్పటి కట్టాను, ఫ్యాను ఆపాను, బియ్యం బస్తాలు పక్కకు జరిపాను. పరీక్షకు ముందు తెరమీద ఒక బాతు బొమ్మ కీచుమంటూ ఒక్కో మూలకు పోతుంది. బిడ్డ దాని వెంట చూస్తే యంత్రానికి ఆ కళ్ళు అలవాటవుతాయి. మొదట వచ్చిన పాప బాతును చక్కగా చూసింది. యంత్రం మాత్రం కళ్ళు దొరకడం లేదంది. రెండో బిడ్డకూ అంతే. తెర జరిపాను, కేబుల్ మార్చాను, అన్నీ ఆపి మళ్ళీ పెట్టాను, దుప్పటి మీద ఇంకో దుప్పటి వేశాను. వరండాలో కూర్చున్న ఒకామె, ముందు నీ మిషన్‌కు కండ్లద్దాలు పెట్టియ్యప్పా అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, చొక్కా మాత్రం వీపుకు అంటుకుపోయింది.

అక్క వంతు వచ్చింది. అక్క అత్తగారు వెంటే లోపలికి వచ్చి గోడ దగ్గర నిలబడింది. బావ గేటు దగ్గర బండి మీదే కూర్చున్నాడు. పిల్లవాడు ఒడిలో బాగానే కూర్చున్నాడు. వీడియో చివరిదాకా నడిచింది. చివర్న నా ల్యాప్‌టాప్‌లో డాక్టరు చూడాలనే ఎర్ర గడి రాలేదు, చూపు మామూలుగా ఉందనే పచ్చ గడీ రాలేదు. బూడిద రంగు గడి వచ్చింది. చూపు సరిగా అందలేదు కాబట్టి ఫలితం లేదని దానర్థం.

బయటికి వెళ్ళి బావకు అదే చెప్పాను.

"ఎర్రది రాలేదు కదా?" అన్నాడు.

"పచ్చది కూడా రాలేదు బావా. మిషను వాని కండ్లు చూడలేకపోయింది."

"ఎర్రది రాలేదు. అంతే."

అక్క అత్తగారు అప్పటికే పిల్లవాడి చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరుస్తోంది. అక్క పిల్లవాణ్ణి ఎత్తుకుని బండెక్కింది. మధ్యలో బిడ్డ, వెనక ఆమె. బండి చెరువు కట్ట మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే ఉన్నాను.

తర్వాత నాకు ఏ పనిమీదా మనసు నిలవలేదు. నేనుండేది బుక్కరాయసముద్రంలో. టౌన్లో ఆఫీసుకు బండి మీద వెళ్తూ, వస్తూ కారణాలు పోగేసుకున్నాను. కరెంటు హెచ్చుతగ్గులు కావచ్చు. రేకుల కప్పు వేడికి కెమెరా పాడై ఉండొచ్చు. కిటికీ వెలుతురు కావచ్చు. ఒక్కోదాన్నీ ఆఫీసులో పరీక్షించి కొట్టేశాను. చివరికి కెమెరా దాచుకున్న అసలు బొమ్మల్ని తెరిచాను. మామూలుగా ఎవరూ వాటిని తెరవరు. ఆ కనపడని కాంతిలో మొహాలు పాలిపోయి కనిపిస్తాయి, కంటిపాప ఒక్కటే నల్లటి చుక్కలా తేలుతుంది. ఈ బొమ్మల్లో మాత్రం కళ్ళు ఉండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు. ఏది కంటిపాపో, ఏది కాదో నాకే తెలియలేదు.

కాటుక. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన మసి. రెప్పల మీద, కింద, చివర తోకలాగా గీసి, బుగ్గన మళ్ళీ ఒక చుక్క. నల్లగా, గుండ్రంగా ఉన్నదాన్ని వెతుక్కునే యంత్రానికి ఆ మొహం నిండా కంటిపాపలే.

మా వైపు పిల్లలకు కాటుక పెడతారని నాకు తెలియక కాదు. అన్ని ఊళ్ళలోనూ కొంచెం కొంచెం ఉండేది, ఇంత దట్టంగా ఎప్పుడూ లేదు. టీచరుకు ఫోన్ చేస్తే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"మిషను కండ్లు చూస్తాదని మీరే కదన్నా చెప్పమంటిరి. కొత్త మనిషి చూస్తేనే దిష్టి అంటారు. నేరుగా కండ్లల్లోకే చూసే మిషనంటే ఉత్త మొగంతో పంపుతారా? ఒకరిని చూసి ఒకరు పెట్టినారు."

మేడంకు బొమ్మలు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, ఊరు మొత్తం మళ్ళీ చేద్దాం అంది. ఈసారి మొహానికి కాటుక లేకుండా తీసుకురండని కబురు మార్చి రాశాం. తల్లుల్లో ఎక్కువమంది సరేనన్నారు. మా అక్క ఇంటి నుంచి మాత్రం జవాబు లేదు.

ఆదివారం నేనే వెళ్ళాను. బావ మంచం మీద కూర్చుని పైపు జాయింట్లకు టేపు చుడుతున్నాడు. అక్క, అత్తగారు విత్తనం గింజ కోసం శెనక్కాయలు ఒలుస్తున్నారు. పిల్లవాడు గిన్నె మూతను నేలమీద తిప్పుతూ, అది పడిపోగానే మళ్ళీ తిప్పుతున్నాడు. నేను సంగతి చెప్పాను. బావ టేపు చుట్టడం ఆపలేదు.

"ఒకసారి చూసె కదప్పా. మీకు కావాల్సింది వచ్చేదాకా చూపిస్తానే ఉండల్లనా?"

అది న్యాయమైన ప్రశ్నే. మాటల్లో చెబితే తేలదని ఫోన్ తీసి కెమెరా బొమ్మ చూపించాను. ఇందులో వాని కన్ను యాడుందో చూపించు బావా అన్నాను. బావ ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, అడ్డంగా తిప్పాడు.

"ఇదేందిది, దయ్యం మాదిరి ఉండాడు."

అత్తగారు మెడ చాపి చూసింది. ఆమెకు కోపం వచ్చింది. "నేనే పెట్టినా. బాగానే పెట్టినా. కాటుక లేకుండా నా మనవణ్ణి గడప దాటించను, మీరు ఎవురికైనా చెప్పుకోండి," అంది.

నేను కాంతి గురించి, మసి గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పొట్టు చెరిగే శబ్దం పెంచింది. అప్పటిదాకా తల ఎత్తని అక్క, చేతిలో కాయలు ఒలుస్తూనే అంది.

"మొగానికే పెట్టల్లని యాడుందత్తా? పురిటి బిడ్డకు అరికాల్లో పెట్టలేదా నువ్వు? మిషను అరికాలు చూడదు కదా."

అత్తగారి చేట ఆగింది. ఆమె నన్ను నిలదీసినట్టు అడిగింది: "చూడదా?"

"చూడదత్తా. మొగం వరకే."

"ప్రమాణంగా?"

ప్రమాణంగా అన్నాను. బావ తన తల్లి మొహం చూసి, మళ్ళీ టేపు అందుకున్నాడు. ఈ ఒక్కసారే అన్నాడు.

మరుసటి వారం పిల్లవాడు కడిగిన మొహంతో వచ్చాడు. రెండు అరికాళ్ళ నిండా అంతంత చుక్కలు. అంగన్‌వాడీ బండల మీద గుమ్మం నుంచి కుర్చీ దాకా నల్లటి మరకలు పడ్డాయి. టీచరు పొద్దున్నే తుడిచినా అని గొణుక్కుంది. ఈసారి బావ కూడా లోపలికి వచ్చాడు. బాతు కీచుమంది. నా ల్యాప్‌టాప్‌లో పిల్లవాడి చూపు చిన్న చుక్కగా వెలిగి, బాతు ఎక్కడికి పోతే అక్కడికి పోయింది. కళ్ళు దొరికాయి. ఆ క్షణం నాకు సంతోషం కూడా కలిగింది, పనిలో పడిన చిక్కు విడిపోయినందుకు.

తర్వాత అసలు వీడియో మొదలైంది. చుక్క తిరిగే గీతల మీదికి పోయింది. అక్కడే ఉంది. రెండో పక్క పిల్లలు చప్పట్లు కొట్టారు, ఒకామె వంగి చేతులు చాచి పిలిచింది. చుక్క ఒకసారి అటు వెళ్ళి, ఆమె మొహం దాటి, ఆమె వెనక కర్టెన్ అంచు పట్టుకుని పైకి పాకి, తిరిగి గీతల దగ్గరికి వచ్చేసింది. రా, ఇటు రా అని నేను లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. టీచరు నా భుజం తట్టి, బల్ల ఊగుతాంది అన్నా అంది. మోకాలి మీద చెయ్యి గట్టిగా పెట్టుకున్నాను.

గడి ఎర్రగా వచ్చింది.

ఫలితం చెప్పాల్సింది మేడం. నేను ల్యాప్‌టాప్ మూసేయబోయాను. బావ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆ చుక్క ఏంది?"

"వాడు చూసేది ఎక్కడో, చుక్క అక్కడ ఉంటుంది బావా."

"ఇంగోసారి పెట్టు."

పెట్టాను. ఆయన నడుం వంచి, రెండు చేతులూ బల్లకు ఆనించి చూశాడు. చేతులు చాచి పిలిచే ఆమె రాగానే, ఆమెను చూడడే అన్నాడు తనలో తాను. అయిపోగానే మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి సగంలో చూపు తిప్పుకున్నాడు.

"చేను కాడ గంటసేపు కూచుంటాడని చెప్తి కదా. వాడు స్ప్రింక్లర్లు తిరిగేది చూస్తాండె. నేను వానికి పైరంటే పానం అనుకుంటి."

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. అక్క పిల్లవాడి కాళ్ళు తడిగుడ్డతో తుడుస్తోంది, మా వైపు చూడకుండా.

ఆ సాయంత్రం మేడంకు ఫోన్ చేసి, ఫలితం ఎందుకు తప్పు కావచ్చో ఒక్కొక్కటిగా చెప్పాను. పిల్లవాడు దూరం నుంచి బండి మీద వచ్చాడు. వీడియోలో ఉన్నవాళ్ళు మా వైపు మనుషుల్లా లేరు. మొదటిసారే వీడియో అంతా చూసేశాడు కాబట్టి విసుగొచ్చి ఉండొచ్చు. అత్తగారు వెనక నిలబడి ఉంది. మేడం అంతా విని, మిగతా పిల్లల ఎర్ర గడులకు కూడా ఇన్ని కారణాలు వెతికావా అని అడిగింది. లేదన్నాను. నీ కారణాల్లో ఒకటో రెండో నిజమే కావచ్చు, అందుకే యంత్రాన్ని నమ్మి ఏదీ తేల్చను, ముందు ఎవర్ని చూడాలో అది చెబుతుంది, అంతే, రేపే తీసుకురమ్మను అంది.

బావకు చెప్పడానికి నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. అవి అవసరం పడలేదు. ఎన్ని గంటలకు అని మాత్రం అడిగాడు.

మేడం గదిలో యంత్రమేదీ ఉండదు. నేలమీద చాప, చెక్క దిమ్మెలు, ఒక బంతి, బుడగలు ఊదే సీసా. నేను అలవాటుగా కిటికీ వైపు వెళ్ళబోతే ఆమె ఆపింది. ఇక్కడ నువ్వు మేనమామవి, ఆ మూల కూర్చో అంది. కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చాపమీద కూర్చుని పిల్లవాడితో ఆడింది. బంతి దొర్లించింది. బుడగ ఊది, సీసా మూత బిగించి, ఊరికే ఉండిపోయింది. వాడు ఆమె చెయ్యి పట్టుకుని సీసా మీద పెట్టాడు. మొహంలోకి చూడలేదు. ఆమె ఇంకోరకంగా, ఇంకోరకంగా ప్రయత్నించింది. నాకు ఒక్కోటీ యుగంలా గడిచింది.

తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగి, ఇంట్లో ఎలా ఉంటాడో చెప్పండి అంది.

బావే అందుకున్నాడు. "బాగానే ఉంటాడు మేడం. తింటాడు, తిరుగుతాడు, ఆరోగ్యంగానే..." అని ఆగాడు. కండువా ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "లేదు మేడం. ఈమెను అడగండి. శానా దినాల నుంచి ఈమె చెప్తాంటే నేనే చెప్పనీలేదు."

అక్క ముందు ఆయన వైపు చూసింది. నిజంగానే అన్నాడా అన్నట్టు. ఆ తర్వాత మొదలుపెట్టింది. నాకు ఫోన్లో చెప్పినవి అందులో కొన్నే. నిద్రలో ఎలా ఉంటాడో, కుక్కర్ కూతకు ఎలా చెవులు మూసుకుంటాడో, పోయిన మాటల్లో మొదట ఏది పోయిందో, నవ్వినప్పుడు ఎందుకు నవ్వుతాడో, అన్నీ చెప్పింది. బావ రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. మేడం కాగితం తిప్పి వెనకవైపు కూడా రాసుకుంది.

ఆటిజం అన్న మాట మేడమే చెప్పింది. మెల్లగా, పూర్తిగా, ఇద్దరి వైపూ చూస్తూ. అక్క ఏడ్చింది, ఎక్కువసేపు కాదు. మాటలు వస్తాయా అని బావ అడిగాడు. ఇప్పుడే చెప్పలేను, మాట వచ్చేలోపు తనకేం కావాలో చెప్పుకోవడం మాత్రం నేర్పించగలం, మీరిద్దరూ కూడా నేర్చుకోవాలి, వారానికి రెండు రోజులు రండి అంది మేడం. మంగళవారం, శుక్రవారం అని రాయబోయింది.

నేను బస్సులో తీసుకొస్తాను అని అక్క అంది.

"బస్సులో హారన్‌కు వాడు ఏడుస్తాడు," అన్నాడు బావ. "నేనే బండి మీద తెస్తా. అయితే శుక్రవారం వద్దు మేడం, ఆ పొద్దు మా లైనుకు పగలు కరెంటు ఇస్తారు, మోటరు కాడ నేనుండల్ల. గురువారం అయితే పొద్దున్నే వస్తాం."

మేడం శుక్రవారం కొట్టేసి గురువారం అని రాసింది.